గేటు దగ్గర బ్యాలెట్ పెట్టె

గాజువాక ఆటోనగర్‌లోని ఒక మెషిన్ షాపులో పదకొండేళ్లు డిస్పాచ్ కాగితాలూ క్వాలిటీ రికార్డులూ చూశాను. మా దగ్గర తయారయ్యేవి బుష్‌లు, పిన్నులు, స్పేసర్లు. రౌండ్ బార్‌ను కోసి, లేత్ మీద తిప్పి, బోరు వేసి, గ్రైండింగ్ చేసి, మైక్రోమీటర్‌తో కొలిచి, తుప్పు పట్టకుండా నూనె రాసి ప్లాస్టిక్ క్రేట్లలో చెన్నై పంపేవాళ్లం. అక్కడ ఒక విడిభాగాల కంపెనీ వాటిని తన అసెంబ్లీలో బిగించి ఎగుమతి చేసేది. బొటనవేలంత ఆ ఉక్కు ముక్క చివరకు ఏ దేశంలో ఏ బండి కిందకు చేరుతుందో మా చలాన్లలో ఉండేది కాదు. ప్రశ్నలు మాత్రం ఆ దేశం నుంచే వచ్చేవి.

ఏడాదికోసారి సోషల్ ఆడిట్, అంటే కార్మికుల పని పరిస్థితుల మీద తనిఖీ, జరిగేది. దానికి ముందు రోజు కొత్త ఫస్ట్ ఎయిడ్ పెట్టె వచ్చేది, చెవులకు ప్లగ్గులు పంచేవారు, కనీస వేతనాల పట్టికను గోడకు అంటించేవారు. మేస్త్రీ కుర్రాళ్లను వరసగా నిలబెట్టి ఏం చెప్పాలో నేర్పేవాడు: పని ఎనిమిది గంటలే, ఓటీకి డబుల్ రేటు, వారానికో సెలవు. నిజానికి షిఫ్టు పన్నెండు గంటలు నడిచేది, ఓటీ సింగిల్ రేటే. హాజరు పట్టీలు రెండు ఉండేవి. ఆడిట్‌కు చూపించే పట్టీ నా చేతిరాతలోనే ఉండేది. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి గ్రైండింగ్ మెషిన్ మీద పనిచేసే ఒక కుర్రాడు, చేతికున్న కూలెంట్ మరక గుడ్డతో తుడుచుకుంటూ, నన్ను అడిగాడు: "బాబాయ్, ఆలొచ్చినప్పుడు మీరు సెప్పమన్నదే సెప్తాను. ఆలెల్లిపోయాక నిజం ఎవులకి సెప్పాల?"

నేనేమీ చెప్పలేకపోయాను. ఆ ఆడిట్ పత్రంలో సంఘం గురించి ఒకే ఒక్క ప్రశ్న ఉండేది: కార్మికులకు సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఉందా? పక్కన అవును, కాదు అని రెండు గళ్లు. సంఘం అన్న మాట ఎత్తిన ఇద్దరిని అంతకు ముందే కాంట్రాక్టరు పనిలోకి రావద్దన్నాడు. అయినా ప్రతి ఏడూ "అవును" గడిలో టిక్ పెట్టింది నేనే.

ఆ పని మానేశాక కూడా ఆ కుర్రాడి ప్రశ్న నన్ను వదల్లేదు. వాణిజ్య ఒప్పందాల్లో కార్మిక నిబంధనలు ఎలా రాస్తారు, రాసినవి ఎలా పనిచేస్తాయి అని అప్పటి నుంచీ చదువుతున్నాను. చదివిన మీదట నాకు ఏర్పడిన అభిప్రాయం ఇది: జీతం ఎంత ఉండాలో అంకె వేసి చెప్పే నిబంధన దూరదేశపు కార్మికుడికి పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. తన ఫ్యాక్టరీలో ఎవరు తన తరఫున బేరమాడాలో రహస్య బ్యాలెట్‌తో తేల్చుకునే హక్కును కాపాడే నిబంధన మాత్రం అతని బతుకును నిజంగా మార్చగలదు. మొదటి రకాన్ని భారతదేశం వ్యతిరేకించడం సరైనదే. రెండో రకాన్ని అదే గాటన కట్టి తోసిపుచ్చడం తప్పు, దాన్ని మనమే అడిగి రాయించుకోవాలి.

కార్ల పరిశ్రమనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం, ఈ రెండు రకాలూ ఒకే ఒప్పందంలో పక్కపక్కనే దొరకడం. అమెరికా, మెక్సికో, కెనడాల మధ్య 1994 జనవరి 1 నుంచి నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం నడిచింది. దానికి తోకలా ఒక కార్మిక ఒప్పందాన్ని విడిగా తగిలించారు. అందులో సంఘం పెట్టుకునే హక్కుకు భంగం కలిగితే మంత్రుల స్థాయి సంప్రదింపులతో సరి, అంతకు మించి కేసు కదిలే దారే లేదు. బాలకార్మికులు, కనీస వేతనం, భద్రత వంటి విషయాల్లో మధ్యవర్తుల దాకా వెళ్లవచ్చని రాశారు గానీ, పాతికేళ్లలో ఒక్క కేసూ అక్కడిదాకా వెళ్లలేదు. ఈలోగా మెక్సికోలో కార్ల ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి, జీతాలు మాత్రం అడుగునే ఉండిపోయాయి. దానికి మూలం అక్కడి వాళ్లు రక్షణ కాంట్రాక్టులు అని పిలిచే పద్ధతిలో ఉంది. ఫ్యాక్టరీ తెరవకముందే, ఒక్క కార్మికుడు కూడా చేరకముందే, యాజమాన్యం తనకు అనుకూలమైన సంఘంతో వేతన ఒప్పందం సంతకం చేసేసుకుంటుంది. తమకొక సంఘం ఉందని చాలామంది కార్మికులకు తెలిసేది కూడా కాదు. పేరుకు కార్మికుల సంఘమే, కాపలా మాత్రం యజమానికి.

నాఫ్టా స్థానంలో 2020 జులై 1న అవే మూడు దేశాల మధ్య యూఎస్‌ఎంసీఏ అనే కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చింది. దాని కార్ల నిబంధనల్లో ఎక్కువగా వార్తలకెక్కింది వేతన నిబంధన. సుంకం లేకుండా సరిహద్దు దాటాలంటే కారు విలువలో 40 శాతం, పికప్ ట్రక్కు అయితే 45 శాతం, గంటకు సగటున 16 డాలర్లు సంపాదించే కార్మికుల చేతుల మీదుగా తయారై ఉండాలి. ఎనిమిది గంటల రోజుకు 128 డాలర్లు. మెక్సికో విడిభాగాల ఫ్యాక్టరీల్లో జీతాలు దీని దరిదాపుల్లో కూడా లేవు. కనుక ఈ నిబంధన మెక్సికో కార్మికుడి జీతాన్ని 16 డాలర్లకు పెంచుతుందని ఎవరైనా అనుకుంటే పొరపాటే. ఆ 40 శాతాన్ని అమెరికాలోనో కెనడాలోనో చేయించుకుని, మిగిలింది మెక్సికోలో పాత జీతాలకే చేయించుకోవచ్చు. పైగా ఆ 40లో పది శాతం దాకా పరిశోధన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల జీతాలను చూపించి, మరో ఐదు శాతం ఎక్కువ జీతమిచ్చే ఇంజిన్, ట్రాన్స్‌మిషన్, బ్యాటరీ ప్లాంట్లను చూపించి లెక్క సరిపెట్టుకోవచ్చు. ఆ 16 డాలర్లు ధరలతో పాటు పెరిగేవి కూడా కావు, రాసినప్పటి అంకె అలాగే ఉండిపోతుంది. అమెరికా కార్ల నగరం డెట్రాయిట్ నుంచి పని తరలిపోకుండా కట్టిన గట్టు ఇది. గట్టు కట్టుకోవడం వాళ్ల హక్కే. కానీ దాన్ని పేదదేశపు కార్మికుడి మీది ప్రేమగా చెప్పడాన్ని నేను ఒప్పుకోను.

మన బుష్‌ల సంగతి కూడా ఈ లెక్కలోనే ఉంది. అదే ఒప్పందం ప్రకారం కారు విలువలో 75 శాతం ఆ మూడు దేశాల్లోనే పుట్టి ఉండాలి, నాఫ్టాలో అది 62.5గా ఉండేది. కంపెనీ కొనే ఉక్కు, అల్యూమినియంలలో 70 శాతం కూడా అక్కడిదే కావాలి. గాజువాకలో తిప్పిన పిన్ను, విశాఖ ఉక్కుతో చేసిన బోల్టు పోటీపడాల్సింది మిగిలిన 25 శాతంలోనే. అందుకే వేతన నిబంధనలనగానే మన వాణిజ్య అధికారులకు దొడ్డిదారి సుంకాలు గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

ఇక రెండో నిబంధన. దాన్ని త్వరిత స్పందన కార్మిక విధానం అనవచ్చు. అది దేశం మీద కాకుండా ఒక్కొక్క ఫ్యాక్టరీ మీద పనిచేస్తుంది. మెక్సికోలోని ఫలానా ఫ్యాక్టరీలో సంఘం పెట్టుకునే హక్కునో, బేరమాడే హక్కునో కాలరాశారని కార్మికులు గానీ వారి తరఫున మరెవరైనా గానీ అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో దాన్ని పరిశీలించాలి. బలముందనిపిస్తే మెక్సికోను విచారణ కోరతారు, ఒప్పుకుంటే మెక్సికో 45 రోజుల్లో తేల్చాలి. ఈలోగా ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే సరుకు మీద కస్టమ్స్ లెక్కలు తుదిగా తేల్చకుండా ఆపి ఉంచవచ్చు. తప్పు రుజువైతే సుంకం రాయితీ పోతుంది, మళ్లీ మళ్లీ జరిగితే సరుకునే రానివ్వరు.

ఇది ఎక్కడ ఎలా పనిచేసిందో చెప్పకపోతే నా వాదనకు కాళ్లుండవు. మెక్సికోలో గ్వానహ్వాతో రాష్ట్రంలోని సిలావో అనే పట్టణంలో జనరల్ మోటార్స్‌కు పికప్ ట్రక్కుల ఫ్యాక్టరీ ఉంది, కార్మికులు ఆరు వేలకు పైనే. 2019లో మెక్సికో తన కార్మిక చట్టాన్ని మార్చి, పాత వేతన ఒప్పందాలన్నిటినీ రహస్య బ్యాలెట్‌తో కార్మికుల ముందుంచాలని శాసించింది. ఆ ప్రకారం 2021 ఏప్రిల్‌లో సిలావోలో ఓటింగ్ మొదలైంది. ఓటింగ్ నిర్వహించే బాధ్యత పాత సంఘానిదే. మధ్యలో కొన్ని బ్యాలెట్లు నాశనమైనట్టు బయటపడి, మెక్సికో కార్మిక శాఖే ఓటింగ్‌ను ఆపేసింది. మే 12న అమెరికా ఈ కొత్త విధానం కింద విచారణ కోరింది. ఆగస్టులో పరిశీలకుల మధ్య మళ్లీ ఓటు వేశారు. పాత ఒప్పందం వద్దన్నవాళ్లు 3,214 మంది, కావాలన్నవాళ్లు 2,623 మంది. 2022 ఫిబ్రవరిలో కొత్త సంఘం కోసం ఎన్నిక జరిగితే, పోలైన 5,389 ఓట్లలో 4,192 సింటియా అనే స్వతంత్ర సంఘానికి పడ్డాయి. ఆ ఏడాది మే నెలలో అది 8.5 శాతం జీతం పెంపు సాధించింది.

ఎనిమిదిన్నర శాతం పెద్ద అంకె కాదు, 16 డాలర్ల పక్కన పెడితే కంటికి ఆనదు కూడా. కానీ ఆ పెంపును వాషింగ్టన్‌లో ఎవరో రాసివ్వలేదు. ఓటు వేసిన మనుషులు, తాము ఎన్నుకున్న మనుషుల ద్వారా, బేరమాడి తెచ్చుకున్నారు. వచ్చే ఏడాదీ అడగగలరు, ఆ పై ఏడాదీ అడగగలరు. బ్రేకు విడిభాగాలు చేసే మాతమోరోస్‌లోని ట్రిడోనెక్స్ ఫ్యాక్టరీ విషయంలో కూడా, నచ్చిన సంఘంవైపు మొగ్గినందుకు పని పోగొట్టుకున్నామన్న 154 మందికి కంపెనీ కనీసం 6 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. ఫిర్యాదు వేసింది 2021 మేలో, ఒప్పుకోలు వచ్చింది ఆగస్టులో. మూడు నెలలు!

ఈ వేగం ఎంత అరుదో తెలియాలంటే గ్వాటెమాలా కేసు చూడాలి. అక్కడి సంఘాలూ అమెరికా సంఘాలూ కలిసి 2008లో ఫిర్యాదు చేస్తే, మధ్య అమెరికా దేశాలతో అమెరికా చేసుకున్న వాణిజ్య ఒప్పందం కింద తగవు తేల్చడానికి వేసిన మండలి 2017లో తీర్పు చెప్పింది. కార్మికులను చట్టవిరుద్ధంగా తొలగించారని ఒప్పుకుంటూనే, అది వాణిజ్యాన్ని ప్రభావితం చేసే రీతిలో జరిగిందని తగినంతగా రుజువు కాలేదంటూ కేసు కొట్టేసింది. తొమ్మిదేళ్ల తర్వాత! కొలిమి చల్లారాక సుత్తి ఎత్తినట్టు. యూఎస్‌ఎంసీఏ రాసినవాళ్లు దాన్నుంచి పాఠం నేర్చుకుని, వాణిజ్యం మీద ప్రభావం ఉన్నట్టే ముందుగా భావించాలని, కాదని చూపించే భారం ఎదుటిపక్షానిదని మార్చారు.

సిలావోలో ఇది అంత బలంగా పనిచేయడానికి ఇంకో కారణం ఉంది, దాన్ని దాచకూడదు. అప్పట్లో రాయితీ పోతే మామూలు కారు మీద అమెరికా సుంకం 2.5 శాతమే. చాలా కంపెనీలు కాగితాల గొడవ ఎందుకని ఆ 2.5 శాతం కట్టేసి ఊరుకోగలిగేవి. కానీ పికప్ ట్రక్కు మీద 1964 నుంచీ 25 శాతం సుంకం ఉంది. సిలావోలో తయారయ్యేవి పికప్పులు. ఒక్కో బండి మీద నాలుగో వంతు పోతుందన్న భయం ఉన్నచోట కార్మికుడి ఓటుకు విలువ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో దిగుమతి కార్ల మీద అమెరికా 25 శాతం అదనపు సుంకం వేశాక ఈ లెక్కలన్నీ కలగాపులగమయ్యాయి. ఒప్పందాన్ని మూడు దేశాలూ కలిసి సమీక్షించే తేదీ మాత్రం 2026 జులై 1 అని అందులోనే రాసి ఉంది. వేతన అంకె ఉంటుందో పోతుందో గానీ, ఆ సమీక్షలో ఫ్యాక్టరీవారీ ఫిర్యాదు హక్కు నిలవాలని నా ఆకాంక్ష.

విశాఖలో ఉన్నవాళ్లకు బ్యాలెట్ సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో గుర్తింపు సంఘం ఎన్నికలు వచ్చాయంటే కూర్మన్నపాలెం నుంచి ఉక్కునగరం దాకా జెండాలూ, కరపత్రాలూ, తెల్లవారుజామున షిఫ్టు మారే వేళ గేట్ మీటింగులూ. ఎవరికి ఏ డిపార్ట్‌మెంట్‌లో ఎన్ని ఓట్లు పడతాయో టీ బడ్డీ దగ్గర లెక్కలు కట్టేవాళ్లను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. రహస్య బ్యాలెట్‌లో గెలిచిన సంఘమే యాజమాన్యంతో కూర్చుంటుంది, ఓడిన సంఘం మళ్లీసారి కోసం పనిచేస్తుంది. సిలావోలో 2022లో జరిగింది అచ్చంగా ఇదే. మెక్సికో కార్మికులు అంతర్జాతీయ ఒప్పందం సాయంతో సంపాదించుకున్న దాన్ని మన ఉక్కు కార్మికులు ఎప్పుడో సాధించుకున్నారు. కానీ ఆ గేటు నుంచి కాస్త దూరంలో ఉన్న ఆటోనగర్ సందుల్లో పదకొండేళ్లలో నేను ఒక్క బ్యాలెట్ పెట్టెను చూడలేదు. విశాఖలో కార్ల ఫ్యాక్టరీ లేదు, నిజమే. పెనుకొండ దగ్గర కియా, శ్రీసిటీలో ఇసుజు, రాష్ట్రంలో కార్లు తయారయ్యేది అక్కడ. కానీ కారు అనేది అసెంబ్లీ లైన్ దగ్గర మొదలవదు. బార్ కోసే చోట మొదలవుతుంది.

మన దేశం ఈ విషయంలో తీసుకున్న వైఖరికి మూలం 1996లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ మంత్రుల సమావేశంలో ఉంది. కార్మిక ప్రమాణాలు చూసుకోవాల్సింది అంతర్జాతీయ కార్మిక సంస్థ అనీ, తక్కువ జీతాలున్న దేశాలకు సహజంగా ఉండే ఆధిక్యాన్ని ప్రశ్నించకూడదనీ అక్కడి ప్రకటనలో రాయించడంలో భారత్ ముందు వరసలో నిలబడింది. జీతాల మాట వరకు అది న్యాయమైన వాదనే. మన జీతం తక్కువ కాబట్టే మనకు ఆర్డరు వస్తోంది, దాన్ని ఒప్పందంతో లేకుండా చేస్తే ముందు రోడ్డున పడేది మన కుర్రాళ్లే. కానీ సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ధర నిర్ణయించదు, ధర ఎవరు నిర్ణయించాలో చెబుతుంది. మన రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన హక్కే అది. అంతర్జాతీయ కార్మిక సంస్థే చూసుకోవాలని ఒక పక్క అంటూ, మరో పక్క సంఘం పెట్టుకునే హక్కు, బేరమాడే హక్కుల మీద ఆ సంస్థ 1948, 1949 సంవత్సరాల్లో చేసిన 87, 98 నంబరు ఒడంబడికలను ఇప్పటికీ ఆమోదించకపోతే, ఆ మాటకు బరువెక్కడి నుంచి వస్తుంది? మెక్సికో 98ని 2018లో ఆమోదించింది.

2025 జులై 24న బ్రిటన్‌తో మనం సంతకం చేసిన ఒప్పందంలో కార్మిక అధ్యాయం ఉంది. అదే ఒప్పందం నూరు శాతం దాటిన కార్ల దిగుమతి సుంకాన్ని, పరిమిత సంఖ్యకు లోబడి, దశలవారీగా 10 శాతానికి తగ్గిస్తుంది. సుంకాల మీద తగవొస్తే తేల్చే యంత్రాంగం ఉంది. కార్మిక అధ్యాయం మీద తగవొస్తే ఆ యంత్రాంగం వర్తించదు. ఆ అధ్యాయం నాకు నా ఆడిట్ పత్రంలోని గడిలాగే కనిపిస్తోంది, టిక్ పెట్టవచ్చు, అంతే.

ఎదురువాదాలు లేకపోలేదు. త్వరిత స్పందన విధానం ఏకపక్షమన్న మాటలో నిజముంది. మెక్సికో ఫ్యాక్టరీ మీద ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు గానీ, అమెరికా ఫ్యాక్టరీ మీద చేయాలంటే అక్కడి జాతీయ కార్మిక సంబంధాల బోర్డు ఉత్తర్వు ఒకటి అప్పటికే అమల్లో ఉండాలి. అందుకే మనం అడిగే నిబంధన రెండు వైపులా ఒకేలా కోసే కత్తి అయి ఉండాలని పట్టుబట్టాలి: బర్మింగ్‌హామ్‌లోని గిడ్డంగి కార్మికుడి మీద జులుం జరిగితే ఢిల్లీ ప్రశ్నించగలగాలి, గాజువాక కార్మికుడి కోసం లండన్ ప్రశ్నించగలగాలి. ఇంకొక ఎదురువాదం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మెక్సికోలోని పియెద్రాస్ నెగ్రాస్‌లో కారు లోపలి అలంకరణ భాగాలు కుట్టే వీయూ మాన్యుఫ్యాక్చరింగ్ అనే ఫ్యాక్టరీలో 2022లో కార్మికులు స్వతంత్ర సంఘాన్ని ఎన్నుకున్నారు. ఈ విధానం కింద దాని మీద రెండుసార్లు కేసు నడిచింది. 2023లో కంపెనీ ఫ్యాక్టరీనే మూసేసింది. తాళం వేసి వెళ్లిపోయేవాణ్ణి సుంకం బెదిరింపు ఆపలేదు. ఎగ్గొట్టిన బకాయిలను ఆ సరుకు కొన్న పెద్ద కంపెనీ కూడా భరించేలా రాస్తే తప్ప చిన్న సప్లయర్ల దగ్గర ఈ నిబంధన నిలబడదు. మా షాపులాంటి చోట్ల ఇది మరీ అవసరం, ఎందుకంటే నాలుగు లేత్‌లు లారీ ఎక్కించుకుని ఇంకో ఊరు పోవడానికి ఒక్క రాత్రి చాలు.

ఇక మన చట్టం. నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ సమ్మె చేయడాన్ని కష్టతరం చేసిందని సంఘాలు అంటున్న మాటతో నేను ఏకీభవిస్తాను. కానీ బేరమాడే సంఘాన్ని యాజమాన్యం గుర్తించాల్సిందేనన్న, దేశమంతటికీ వర్తించే నియమం కూడా అందులోనే వచ్చింది: ఒకటికి మించి సంఘాలున్నచోట, మస్టర్ రోల్‌లో, అంటే యాజమాన్యం రాసుకునే కార్మికుల పేర్ల పుస్తకంలో, ఉన్నవారిలో కనీసం 51 శాతం మద్దతున్న సంఘమే ఏకైక బేరసార సంఘం. మస్టర్ రోల్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మెక్సికో 2021 ఏప్రిల్‌లో, సిలావో ఓటింగ్ జరుగుతున్న ఆ నెలలోనే, ప్రత్యేక సేవలకు తప్ప కార్మికులను కాంట్రాక్టరు ద్వారా పెట్టుకోవడాన్ని నిషేధించింది. గేటు లోపల పనిచేసేవాడి పేరు ఆ గేటు యజమాని పుస్తకంలోనే ఉండాలన్నది దాని సారాంశం. బ్యాలెట్‌కు అర్థం వచ్చేది అప్పుడే.

మా షాపులో రెండు షిఫ్టులూ కలిపి నలభై మంది పైగా పనిచేసేవారు. కంపెనీ మస్టర్ రోల్‌లో పదకొండు పేర్లు ఉండేవి, ఆ పుస్తకం కూడా నేనే రాసేవాణ్ణి. మిగిలినవాళ్లంతా ముగ్గురు కాంట్రాక్టర్ల పుస్తకాల్లో ఉండేవారు, ఆ కాంట్రాక్టర్లలో ఒకరిని నేను ఎన్నడూ కళ్లతో చూడలేదు. పదకొండులో 51 శాతమంటే ఆరుగురు. ఆ పదకొండు మందిలో ఇద్దరు యజమాని బంధువులు, ఒకడు మేస్త్రీ, ఇంకొకణ్ణి నేను. ఇచ్ఛాపురం కుర్రాడి పేరు అందులో లేదు.